నీళ్ల కింద కళ్లం

శేషగిరిరావు అన్న మాట వీరవెంకటరమణ గొంతులో చేపముల్లులా అడ్డం పడి ఉండిపోయింది. మింగుడు పడదు, కక్కడానికీ రాదు.

"అది మీ నాన్న బద్ధకం దిబ్బరా," అన్నాడు శేషగిరిరావు.

ఇంట్లో నలుగురి మధ్య అని ఉంటే సర్దుకుపోయేవాడే. కైకలూరులో చిట్టిబాబు గారి మేత కొట్టు ముందు అన్నాడు. ఐసు వాళ్లూ, లారీల వాళ్లూ, వల మేస్త్రులూ టీలు తాగే వేళ చూసి మరీ అన్నాడు. అనేసి, నవ్వాడు కూడాను. పోయినవాణ్ణి, తన్ను భుజాల మీద ఎక్కించుకుని తీర్థానికి తీసుకెళ్లిన సొంత బాబాయిని, బద్ధకస్తుడనడానికి నోరెలా వచ్చిందో ఆ మనిషికి! పక్కనున్న వాళ్లు కూడా నవ్వారు. శేషగిరిరావు నవ్వితే నవ్వాలి. ఏలూరులో మేడ, మేడ కింద కారు ఉన్నవాడు.

అసలు సంగతేమిటంటే, ఈ ఇద్దరి తండ్రులూ అన్నదమ్ములు. శేషగిరిరావు పెద్దాయన కొడుకు, రమణ చిన్నాయన కొడుకు. కొల్లేటి అభయారణ్యం గీతకి ఇవతల, పట్టా ఉన్న వరి చేను వాళ్లది. చుట్టుపక్కల చేలన్నీ చేపల చెరువులైపోతున్న రోజుల్లో వీళ్లూ తవ్వించారు. చేను నడిమధ్యన తాతల నాటి కళ్లం ఉంది. ఎన్ని కుప్పలు నూర్చారో, ఎన్ని ఎడ్లు తొక్కాయో, ఆ నేల ఇనుములా బిగుసుకుపోయింది. పొక్లెయిన్ బకెట్టు పళ్లు దాన్ని గీకాయిగాని దిగలేదు. "ఎలాగోలా తవ్వించు" అన్నాడు పెద్దాయన. "ఇన్నాళ్లు అన్నం పెట్టిన నేల, ఉండనియ్యి అన్నయ్యా" అన్నాడు చిన్నాయన. ఉండిపోయింది. చెరువుకి నీళ్లు పెట్టాక కళ్లం మునిగింది. చుట్టూ మనిషి మునిగే లోతు. అక్కడ మాత్రం నడుములోతు. పైకి చూస్తే ఏమీ కనపడదు, నీళ్లు నీళ్లలాగే ఉంటాయి.

పట్టుబడి నాడు మాత్రం కనపడేది. చేపల్ని చుట్టి వల లాగుతుంటే అడుగు తాడు దిబ్బకి తట్టుకునేది. తాడు పైకెత్తితే కింద సందులోంచి చేప జారిపోయేది. మేస్త్రులు విసుక్కునేవాళ్లు. శేషగిరిరావుకి దిబ్బంటే పడకపోవడం అక్కణ్ణుంచి మొదలైంది. ఇప్పుడు చెరువు చెరి సగం పంచుకుందామన్నాడు. ఈ పట్టుబడి అయ్యాక నీళ్లు తీసేసి, నడుమ గట్టు వెయ్యాలి.

"గట్టుకి మట్టి ఎక్కణ్ణుంచో తోలించడం ఎందుకురా? దిబ్బ సరిగ్గా నడుమనే ఉంది. పెద్ద మిషను పెట్టి దాన్నే తోడి గట్టు పోద్దాం. గట్టూ వస్తుంది, పీడా పోతుంది."

పీడా? రమణ ఏడో తరగతి మధ్యలో బడి మానేసి పొలంలో దిగినవాడు. చెరువయ్యాక పడవెక్కాడు. అక్కడి చెరువుల్లో చేపకి తవుడు ఊరికే చల్లరు. సంచులకి చిల్లులు పెట్టి, తవుడు నింపి, నీళ్లలో పాతిన వెదురు గెడలకి వేలాడగడతారు. చేప వచ్చి చిల్లుల దగ్గర మూతి పెట్టి పీక్కుని తింటుంది. రోజూ పొద్దున్నే కట్టేదీ, మధ్యాహ్నం విప్పేదీ రమణే. ఏళ్లతరబడి విప్పుతూ ఒకటి గమనించాడు. పైరగాలి దక్షిణం నుంచి కొడుతుంటే, దిబ్బకి ఉత్తరం పక్కనున్న సంచులే ముందు ఖాళీ అయ్యేవి. మబ్బు పట్టి గాలి బిగిసిన మర్నాడు చెరువంతా చేప నీళ్లలో గాలి చాలక పైకి తేలి నోళ్లు తెరుస్తుంటే, దిబ్బ పక్కది కాస్త ఆలస్యంగా తేలేది. ఎందుకో అతనికి తెలీదు. ఉన్నదున్నట్టు చెబితే శేషగిరిరావు కొట్టిపారేశాడు.

"దిబ్బ దగ్గర లోతు తక్కువరా సన్నాసీ. సంచి అడుగు నేలకి రాసుకుని చిరిగి, తవుడు కారిపోతోంది. నువ్వేమో చేప తిన్నదని మురుస్తున్నావు."

జవాబు లేని మనిషిని చూసి లోకం ఎంత తేలిగ్గా నవ్వుతుందో ఆ పూట కొట్టు ముందు రమణకి తెలిసింది.

జవాబు దొరికిందనుకున్నది శేషగిరిరావు ఇంట్లోనే, ఏలూరులో. అతని కూతురు అలేఖ్య విశాఖపట్నంలో సముద్రం చదువు చదువుతోంది. పరిశోధన ఓడ ఎక్కి వెళ్లి క్షేమంగా తిరిగొచ్చిందని వ్రతం చేయించారు. భోజనాల దగ్గర ఆ పిల్ల లాప్‌టాప్ తెరిచి ఓడలో తీసిన బొమ్మలు చూపించింది. చుట్టాలు ఓడలో అన్నం పెడతారా, జీతమెంతిస్తారు అని అడిగి అరిటాకుల వైపు వెళ్లిపోయారు. రమణ భార్య మంగతాయారు మాత్రం, "అంత చీకట్లో చేపకి చేప ఎలా కనపడుద్దే?" అని నిలబడిపోయింది. ఆమె వెనక రమణ నిలబడ్డాడు.

"సముద్రం అడుగున కొండలుంటాయి బాబాయ్," అంది అలేఖ్య. "పైకి కనపడవు. పైన వెచ్చటి నీళ్లు, అడుగున చల్లటి బరువు నీళ్లు. ఊరికే ఒకదాంట్లో ఒకటి కలవవు. పైన చచ్చిందీ, రాలిందీ దిగిపోయి, సత్తువంతా కిందే ఉండిపోతుంది. ఆటుపోట్లకి అడుగు నీళ్లు కూడా నడుస్తాయి కదా, అవొచ్చి ఆ కొండని గుద్దుకుంటాయి. గుద్దుకుని విరుగుతాయి, సుడులు తిరుగుతాయి. కిందవి పైకి, పైవి కిందికి. అదిగో, ఆ కలగలుపు ఉన్నచోట చూడండి."

తెర మీద చీకటి. చీకట్లోకి దీపం వెలుగు పడింది. కొండ పక్కన తెల్లటివి, గులాబీవి, కొమ్మలు కొమ్మలుగా నిలబడి ఉన్నాయి. వాటి సందుల్లో చేపలు, రొయ్యల్లాంటివి ఆడుతున్నాయి.

"చెట్లా?"

"పగడాలు బాబాయ్. ప్రాణమున్నవే. ఎండ పొడ తగలదు వాటికి."

"అన్నీ ఒకే వైపు తిరిగున్నాయేమిటమ్మా?"

"ప్రవాహానికి ఎదురుగా. ఎదురు నిలబడితేనే వాటికి తిండి. కదల్లేవు కదా, కొట్టుకొచ్చిన నలుసుల్ని పట్టుకుని బతుకుతాయి."

రమణ ఆకులో వడ్డించిన అన్నం చల్లారిపోతోంది. వెళ్లి కూర్చోవాలన్న ధ్యాస లేదు. "మరి ఆ కొండని చదును చేసేస్తేనమ్మా?"

"చేస్తున్నారు కూడా బాబాయ్. చేపల కోసం పెద్ద పెద్ద వలలు అడుగంటా ఈడ్చి కొన్నిటిని గీకేశారు. మళ్లీ ఎప్పటికి మొలుస్తాయో ఎవరూ చెప్పలేరు."

"వలకి అడ్డమనేనా!" అన్నాడు రమణ. వడ్డన చూస్తున్న శేషగిరిరావు వీపు వైపు చూస్తూ అన్నాడు. ఆ సాయంత్రం ఏలూరు నుంచి బస్సులో వస్తూ దారి పొడుగునా కిటికీలోంచి చెరువుల్నే చూశాడు. పక్కనున్న మంగతాయారుతో, "చెరువుని అందరూ పైనుంచి కొలుస్తారే," అన్నాడు. "ఎకరాలంటారు, సెంట్లంటారు. అడుగునేముందో సర్వేయరు గొలుసుకి ఏం తెలుసు?"

"ముందు టికెట్టు చిల్లర తీసుకోండి," అంది ఆవిడ.

పంపకం తగువు చిట్టిబాబు గారి కొట్టు వెనక గదిలో జరిగింది. చిట్టిబాబు వ్యాపారస్తుడు, ఇద్దరికీ మేత అమ్మేవాడు, ఇద్దరికీ కావలసినవాడు. గొంతెత్తి మాట్లాడడం ఆయనకి రాదు. మేత బస్తాల మీద పెద్దమనుషులు కూర్చున్నారు. తండ్రిని కారులో తీసుకొచ్చిన అలేఖ్య గుమ్మం దగ్గర నిలబడింది. ఆ పిల్లని చూడగానే రమణకి ధైర్యం పొంగుకొచ్చింది. తప్పు అక్కడే చేశాడు. ముందుగా ఒక్కమాట అడక్కుండానే ఆ పిల్లని సాక్ష్యానికి లాగాడు.

"దిబ్బ ఎందుకంటారేంటండీ? మా అలేఖ్యని అడగండి! సముద్రం అడుగున కొండలెలాగో, మా చెరువులో కళ్లం అలాగ. నీళ్లు దానికి గుద్దుకుని కలుస్తాయి. కలిస్తేనే చేపకి బతుకు. దేశాలు తిరిగి చూసొచ్చిన పిల్ల, ఆవిడే చెబుద్ది. చెప్పమ్మా!"

గది మొత్తం గుమ్మం వైపు తిరిగింది. అలేఖ్య ముఖం కందింది.

"బాబాయ్... అక్కడ మైళ్ల లోతండి. ఆటుపోట్లున్నాయి. ఇది నిలవ చెరువు. నేను కొలవనిది ఔనని చెప్పలేనండి."

శేషగిరిరావు తొడ చరుచుకున్నాడు. "విన్నావురా సైంటిస్టూ! చిట్టిబాబు గారూ, ఇకనుంచి వీణ్ణి కూడా ఓడెక్కించాలండి."

బస్తాల మీద వాళ్లు కదిలి కదిలి నవ్వారు. రమణ చెవులు కాలిపోయాయి. పిల్ల మీద కూడా కోపం వచ్చింది. తండ్రి గూటి చిలక తండ్రి పలుకే పలుకుతుంది అనుకున్నాడు. కానీ ఆ పిల్ల ఇంకా గుమ్మం వదల్లేదు.

"నాన్నగారూ, ఔనని చెప్పలేనన్నాను. కాదని కూడా అనలేదు. కొలవకుండా తవ్వెయ్యమని నా పేరు మీద చెప్పకండి. చిట్టిబాబు గారి దగ్గర మీటరుందిగా, కొలుద్దాం."

నీళ్లలో గాలి ఎంత కలిసి ఉందో చూసే మీటరు చిట్టిబాబు కొట్లో ఉంది. మేత కొన్న రైతులకి అరువిస్తుంటాడు. "తీసుకెళ్లండమ్మా, బ్యాటరీ కూడా కొత్తదేనండి," అన్నాడాయన, నవ్విన వాళ్లలో తనూ ఉన్నందుకు కాస్త సిగ్గుపడుతూ.

మధ్యాహ్నం పైరగాలి లేచాక పడవ తీశారు. రమణ గెడ వేస్తున్నాడు. శేషగిరిరావు ప్యాంటు పైకి మడిచి, పడవ అంచులు రెండు చేతులా పట్టుకుని కూర్చున్నాడు. చెరువు మీద గాలి గీతలు గీతలుగా పాకుతోంది. అలేఖ్య తీగ చివర మీటరు కట్టి నీళ్లలోకి దించింది. ముందు బయలు నీళ్లలో, తర్వాత దిబ్బకి ఇవతల, తర్వాత అవతల. పైన చూసింది, అడుగున చూసింది. మళ్లీ వెనక్కి తీసుకెళ్లమని మళ్లీ చూసింది. తెల్ల కొంగొకటి గట్టు మీంచి వీళ్లనే చూస్తోంది.

"ఊఁ?" అన్నాడు శేషగిరిరావు.

"దిబ్బ వెనక అడుగు నీళ్లలో గాలి కాస్త ఎక్కువే ఉంది నాన్నగారూ."

రమణ గెడ ఆపాడు.

"కాస్తే బాబాయ్," అంది ఆ పిల్ల వెంటనే. "ఒక్క పూట కొలతతో తేల్చకూడదు. ఏడాది పొడుగునా కొలవాలి. గాలి లేని రోజున కూడా కొలవాలి."

"కాస్త కోసం నడి చెరువులో దిబ్బ పెంచుకుంటామా?" అన్నాడు శేషగిరిరావు. "ఏరేటరు పెడితే కాస్తేమిటి, కావలసినంత గాలి."

"కరెంటు పోతే ఏరేటరు ఆగిపోద్ది అన్నయ్యా. దిబ్బ ఆగదు."

"పైరగాలి ఆగితే దిబ్బేం చేస్తుందిరా?"

"పైరగాలి ఆగితే చేపలేంటి, మనమే చస్తాం."

అలేఖ్య నవ్వాపుకోలేక నీళ్ల వైపు తిరిగింది. అది చూసి శేషగిరిరావుకి ఒళ్లు మండింది. గట్టెక్కి, ప్యాంటు దులుపుకుంటూ, అక్కడే నిలబడి చూస్తున్న చిట్టిబాబుని పిలిచి ఒక మాట పడేశాడు.

"వీడికంత మోజుగా ఉంటే దిబ్బ మొత్తం వీణ్ణే తీసుకోమనండి. గట్టు నా వైపుకి జరుపుకుంటాను. దానికి బదులు తాడేపల్లిగూడెం దగ్గర కాలవ కింద వీడికున్న వరి చేను నాకు రాసెయ్యమనండి. మొత్తం."

చిట్టిబాబు రమణని పక్కకి తీసుకెళ్లాడు. "రమణ గారూ, నా మాట వినండి. దిబ్బతో మీకొచ్చేది నలభై సెంట్లు కూడా ఉండదండి. ఆ చేను దానికి రెండింతల పైమాటే. అదీ నికరంగా పండే పల్లమండి. వద్దండి."

"రేపు చెబుతానండి," అన్నాడు రమణ.

ఇంటి దగ్గర మంగతాయారు వరండాలో కూర్చుని ఖాళీ తవుడు సంచులు కుడుతోంది. విషయం విని సూది ఆపింది.

"మతి పోయిందా అండీ? మనం తినే గింజలు ఆ చేలోవి. నీళ్ల కింద నేల కోసం నోటి కాడ నేల ఇచ్చేస్తారా?"

"మా నాన్నని బద్ధకస్తుడన్నాడే."

"అన్నారండీ. అయితే? మావయ్యగారు బద్ధకస్తులు కారని మీరు రిజిస్ట్రీ చేయిస్తారా?"

రమణ వరండా మెట్టు మీద కూలబడ్డాడు. తర్వాత అన్నాడు: "ఆ పిల్ల చెప్పింది విన్నాగా. కాస్త ఎక్కువుందంది."

"కాస్త!"

"ఆ చీకట్లో ఉన్నవి కాస్తతోనే బతుకుతున్నాయే. మనం మాత్రం? మా అన్నయ్య పారేసిన కాస్తతోనే కదా ఇన్నేళ్లూ. ఆ కాస్త కూడా తవ్వేస్తానంటే తల ఊపమంటావా?"

మంగతాయారు ఒళ్లోని సంచి తిరగేసింది. అడుగు చూపించింది. "ఇటు చూడండి. ఇది దిబ్బ దగ్గరది. మీరు ముడికి ఎర్ర దారం కడతారుగా. అడుగు ఎక్కడన్నా అరిగిందా? నేలకి రాసుకుంటే అడుగు అరగాలి. చిల్లుల దగ్గరే పోగులు లేచిపోయాయి, మూతులు పెట్టి పీకిన చోట. దిబ్బవన్నీ ఇంతే. కుట్టేదాన్ని, నాకు తెలీదా?"

రమణ ఆ సంచి పట్టుకుని అలాగే చూశాడు. "మరి చిరిగి కారిపోతోందని ఆయన అన్నప్పుడు చెప్పలేదేం?"

"మీరు కొట్టు ముందు తగువులాడొచ్చి ఇంట్లో అలిగి పడుకున్నారు. నన్నెవరడిగారు?" పళ్లతో దారం తెంపింది. "ఇచ్చెయ్యండి. బియ్యం కొనుక్కు తిన్నవాళ్లెవరూ చచ్చిపోలేదు. కానీ ఏడుస్తూ మాత్రం ఇవ్వకండి. ఆయన ముందు మీ మొహం వాడితే నేనూరుకోను."

రిజిస్ట్రారు ఆఫీసు దగ్గర శేషగిరిరావే కాస్త మెత్తబడ్డాడు. "ఇంకోసారి ఆలోచించుకోరా," అన్నాడు.

"ఆలోచించా అన్నయ్యా. మీరే ఒక పని చెయ్యండి. మా నాన్నని అన్న మాట, అన్నచోటే వెనక్కి తీసుకోండి."

"మాటలు వెనక్కివ్వడం దస్తావేజులో రాయలేదురా."

"అయితే మీ దగ్గరే ఉంచుకోండి," అని రమణ వేలిముద్రల మిషను మీద వేలు పెట్టాడు. గట్టిగా నొక్కాడు.

పట్టుబడి అయింది. చెరువు ఎండగట్టారు. బురద మధ్యన కళ్లం బయటపడింది. నాచు పట్టి, నత్తగుల్లలు అంటుకుని, గుండ్రంగా, ఎడ్లు తిరిగిన చోటు తిరిగినట్టే ఉంది. గట్టు వెయ్యడానికి ఎలీయాజరు పొక్లెయిన్ తెచ్చాడు. దిబ్బ జోలికి పోకుండా మట్టి తియ్యాలని ఒప్పందం. కానీ శేషగిరిరావు గట్టు మీద గొడుగేసుకుని నిలబడి, దిబ్బ అంచు ఒక మూర తన వైపుకొచ్చిందని పట్టుబట్టాడు.

"ఆ మూరా గీకెయ్యవయ్యా."

"చాలా గట్టిగా ఉన్నట్టుందండీ బాబూ," అన్నాడు ఎలీయాజరు.

"మిషను గట్టిదా, మట్టి గట్టిదా? కానియ్యి."

ఎలీయాజరు రమణ వైపు చూశాడు. కొలత ప్రకారం ఆ మూర శేషగిరిరావుదే. రమణ చేతులు కట్టుకుని నిలబడ్డాడు. బకెట్టు లేచింది, దిగింది, ఠంగుమంది. మిషను వెనక చక్రాల పట్టా పైకి లేచి పడింది. ఎలీయాజరు దూకి చూశాడు. బకెట్టు పన్ను ఒకటి విరిగి బురదలో పడి ఉంది. కళ్లం అంచు మీద తెల్లటి గీత, అంతే.

శేషగిరిరావు గొడుగు ఈ చేతిలోంచి ఆ చేతిలోకి మార్చుకున్నాడు.

"మా నాన్న బద్ధకం కాస్త గట్టిదే అన్నయ్యా," అన్నాడు రమణ.

ఆ మూర అలాగే వదిలేసి గట్టు వేశారు.

కాలవ నీళ్లొచ్చాయి. రెండు చెరువులూ నిండాయి. కళ్లం మళ్లీ మునిగింది. శేషగిరిరావు వైపు ఏరేటర్లు తెల్లటి నురగ చిమ్ముతూ గిరగిరా తిరుగుతున్నాయి. రమణ వైపు వెదురు గెడలు, సంచులు. అలేఖ్య వీలున్నప్పుడల్లా మీటరు తీసుకొచ్చి కొలిచి వెళుతోంది.

"ఏడాది అయ్యాక తేడా లేదని తేలితే, లేదనే చెబుతాను బాబాయ్. మీరు బాధపడకూడదు."

"చెప్పమ్మా. దండోరా వేసి చెప్పు. దిబ్బ మాత్రం తియ్యను."

మధ్యాహ్నాలు సంచులు విప్పడం అయ్యాక రమణ పడవని గెడకి కట్టేసి, దిబ్బ మీదికి దిగుతున్నాడు. నడుములోతు నీళ్లలో, పైరగాలికి ఎదురుగా తిరిగి నిలబడుతున్నాడు. ముందు నుంచి వచ్చిన నీళ్లు కాళ్ల దగ్గర చల్లగా లేచి, తొడల చుట్టూ తిరిగి, వెనక్కి పోతాయి. శీలావతి చేపపిల్లలు పిక్కల మీద మూతులు పెట్టి పొడుస్తాయి. గట్టు మీద పోయేవాళ్లు చూసి, నీళ్ల మీద నడుస్తున్నావా రమణా అని ఎకసెక్కాలాడతారు. దిగి చూడండి, మీ తాతలు కూడా ఇక్కడే నూర్చారు అని కేకేస్తాడు.

చిట్టిబాబు గారి కొట్టు ముందు దిబ్బ మాట ఇంకా వినపడుతూనే ఉంది. టీ గ్లాసు అందిస్తూ ఎవడో ఒకడు అడుగుతాడు, నవ్వు బుగ్గన పెట్టుకుని: "దిబ్బ కోసం ఎంత పోగొట్టుకున్నావు రమణా?"

ఒకప్పుడైతే తల వంచుకునేవాడు. ఇప్పుడు ఐసు మిల్లు దాకా వినపడేలా చెబుతాడు.

"తాడేపల్లిగూడెం కాలవ కింద పల్లం. ఎకరం పద్దెనిమిది సెంట్లు."